సివిల్ కేసుల్లో ఉచిత న్యాయ సహాయానికి రాష్ట్ర ప్రభుత్వం ఎందుకు డబ్బు ఇవ్వాలి?

క్రిమినల్ కేసుల్లో ముద్దాయికి లాయరును పెడితే చాలదా, పొలం తగాదాలకూ ఇంటి తగాదాలకూ ప్రభుత్వ ఖజానా నుంచి ఎందుకు ఖర్చు పెట్టాలి అని మీరు అడిగారు. ఆంధ్రప్రదేశ్‌లో పేదలకు ఉచిత న్యాయ సహాయం అందించే ఒక మండల న్యాయ సేవాధికార సంస్థలో ఆరేళ్లు పారా లీగల్ వలంటీరుగా, అంటే లాయరు కాకపోయినా సహాయం కోసం వచ్చేవారికి దారి చూపే కార్యకర్తగా, పనిచేశాను కనుక, నేను చూసిన దాన్ని బట్టి జవాబు రాస్తున్నాను.

భర్త చనిపోయిన ఒక కూలీ మహిళ ఒక రోజు మా గదికి వచ్చి, ప్లాస్టిక్ సంచిలోంచి నాలుగు మడతల కోర్టు సమను తీసి నా చేతికిచ్చారు. "అమీనా ఇచ్చిపోయాడు బాబూ, దేవుడి పటం వెనక పెట్టాను" అన్నారు. అమీనా అంటే సమన్లు అందించే కోర్టు ఉద్యోగి. అప్పటికి అది అంది 22 రోజులైంది. ఆమె సాగు చేసుకుంటున్న 40 సెంట్ల భూమి తమదేనని మరుదులు దావా వేశారు. సమను అందిన 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి, కోర్టు అనుమతిస్తే 90 రోజుల వరకు గడువు ఉంటుంది. ఎవరూ హాజరు కాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే ఒక పక్షం మాటే విని ఇచ్చే తీర్పు, వస్తుంది. సివిల్ కేసులో ఇంటికి పోలీసులు రారు, కాబట్టి ఆపద వచ్చిందన్న సంగతే పేదవారికి తెలియదు.

మర్నాడే మా ప్యానెల్ లాయరు, అంటే ఇలాంటి కేసుల కోసం మా సంస్థ జాబితాలో ఉన్న న్యాయవాది, ఆమె తరఫున వకాలతు దాఖలు చేశారు. పాత దస్తావేజు నకలుకూ, పొలం కొలిపించడానికి కోర్టు పంపిన అడ్వకేటు కమిషనర్ ఫీజుకూ ఆ లాయరే తన సొంత డబ్బు పెట్టారు. ఆ బిల్లులూ, ఆవిడకు రావలసిన పారితోషికమూ "బడ్జెట్ రాలేదు" అన్న మాట మీద ఎనిమిది నెలలు కదలలేదు. మూడేళ్లకు దావా కొట్టివేశారు, భూమి ఆ మహిళకే దక్కింది. కానీ ఆ లాయరు ఆ కేసు పూర్తి చేశాక కొత్త ఫైళ్లు తీసుకోవడం మానేశారు. ఆవిడను తప్పుపట్టడానికి నాకు మనసు రాలేదు.

మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది. అరెస్టయిన మనిషికి తనకు నచ్చిన లాయరును పెట్టుకునే హక్కు రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉంది. డబ్బు లేదని చెప్పి పేద ముద్దాయికి న్యాయ సహాయం ఎగ్గొట్టడం కుదరదని సుప్రీంకోర్టు 1981లో ఖత్రీ కేసులో స్పష్టం చేసింది. క్రిమినల్ కేసుల కోసం 2022 నుంచి ప్రత్యేకంగా, పేద ముద్దాయిల తరఫున వాదించే లాయర్లతో డిఫెన్స్ కౌన్సిల్ వ్యవస్థ కూడా వచ్చింది. సివిల్ కక్షిదారుకు ఉన్న ఆధారం 1976లో ఆదేశిక సూత్రాల్లో (ప్రభుత్వం పాటించాల్సినవే కానీ నేరుగా కోర్టు ద్వారా అమలు చేయించుకోలేనివి) చేరిన, ఉచిత న్యాయ సహాయం గురించిన 39ఎ అధికరణం, దాని కోసం వచ్చిన 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం. ఆ చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకూ, ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో పని లేకుండానే అర్హత ఉంది. అయితే కాగితం మీది అర్హత వాయిదాకు హాజరయ్యే లాయరుగా మారాలంటే 16వ సెక్షన్ కింది రాష్ట్ర న్యాయ సహాయ నిధిలో డబ్బు ఉండాలి, అందులో రాష్ట్ర ప్రభుత్వ గ్రాంటు ముఖ్యమైనది. అది తగ్గినప్పుడు ఏ కార్యాలయమూ మూతపడదు, అందుకే పత్రికల్లోనూ రాదు. అనుభవమున్న లాయర్లు ఒక్కొక్కరే ప్యానెల్ నుంచి తప్పుకుంటారు, వాయిదాలు మాత్రం పెరుగుతాయి.

రాజీతో తగాదాలు తేల్చే లోక్ అదాలత్‌లు ఉన్నాయి కదా అని కొందరు అంటారు. వాటి మీద నాకు గౌరవం ఉంది, కోర్టు ఫీజు కూడా వెనక్కి వస్తుంది. కానీ రాజీ ఇష్టపూర్వకంగా జరగాలి. పక్కన లాయరు లేని మనిషి తన వాటా ఎంతో తెలియకుండానే వేలిముద్ర వేసిన సందర్భాలు నేను కళ్లారా చూశాను.

కాబట్టి బడ్జెట్ సమావేశాలకు ముందు మీ ఎమ్మెల్యేకు రాయండి. న్యాయ సహాయ నిధికి ఎంత కేటాయించారు, అందులో ఎంత విడుదలైంది, ప్యానెల్ లాయర్ల బిల్లులు ఎన్ని నెలలుగా పెండింగులో ఉన్నాయి అన్న మూడు ప్రశ్నలు సమాచార హక్కు దరఖాస్తులో అడగండి. మీకు తెలిసినవారెవరికైనా ఇప్పటికే సమను వచ్చి ఉంటే, ఇవన్నీ తర్వాత చూసుకోవచ్చు, ముందు ఉచిత న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయించండి.