చెరువుల శాసనాల గురించి ఊళ్లో చెప్తే నాకు దొరికినవి

పీహెచ్‌డీలో చేస్తున్న పనిని మామూలు జనానికి తెలుగులో చెప్పడం టైం దండగ అని మీ గైడ్ అంటున్నారు, దానివల్ల పరిశోధకుడికి నిజంగా ఏమైనా ఒరుగుతుందా అని అడిగారు. నాకు చాలా ఒరిగింది, నా అనుభవం చెప్తాను.

నాది హిస్టరీ. రాయలసీమ చెరువుల శాసనాల మీద పని చేశాను. వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది కడప జిల్లా పోరుమామిళ్ల శాసనం, 1369 నాటిది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడని ఇంకో పేరు, ఆ చెరువు కట్టించాడు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని రాతి మీదే ఉంది. అంతకంటే గొప్ప విషయం ఏంటంటే, మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు అందులో సంస్కృత శ్లోకాల్లో చెక్కించారు. కట్టలోంచి నీరు ఊరడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు మధ్యలో కూర్మం అంటే తాబేలు వీపు లాంటి మిట్ట, నీళ్లు కొంచెమై ఆయకట్టు ఎక్కువ కావడం, నీళ్లు బోలెడుండి సాగుకు నేల చాలకపోవడం, ఇవీ ఆ ఆరు.

థీసిస్‌లో వీటికి అనువాదం, కింద ఫుట్‌నోట్లు రాసి పెట్టాను. అర్థమైపోయాయనే అనుకున్నాను. తర్వాత మా ఊరి హైస్కూల్లో పిల్లలకు ఈ సంగతులు చెప్పమంటే వెళ్లాను, వెనక బెంచీల్లో ఊరి పెద్దలు కూడా కూర్చున్నారు. వాళ్లలో ఒకాయన మా చెరువుకు చాలా ఏళ్లు నీరుగంటిగా చేసినాయన, అంటే తూము తీసి ఏ మడికి ఎంత నీళ్లు పారాలో చూసుకునే మనిషి. అంతా విని, "ఆ మిట్ట ఎందుకు దోషమో చెప్పు అబ్బీ" అన్నాడు. నీళ్లు పట్టే చోటు తగ్గుతుంది కదా తాతా అన్నాను.

"అదొక్కటే కాదు. నీళ్లు తగ్గినాక ముందు తేలేది ఆ మిట్టే. ఎవడో ఒకడు దాని మీద అలసందలు చల్లుతాడు. మూడో ఏటికి అది వాని చేను. ఇంక చెరువు నిండనిస్తాడా? రాత్రికి రాత్రే అలుగు కొట్టేస్తాడు. రెండూళ్ల నడిమి చెరువు కతా అంతే, కట్ట తెగితే మీరు పూడ్చండంటే మీరు పూడ్చండంటారు."

శాసనం దోషాల పేర్లు చెప్పి వదిలేస్తుంది, కాబట్టి ఆయన మాటను నేను రుజువుగా పెట్టలేను. కానీ అప్పటిదాకా ఆ ఆరింటినీ మట్టి, నీళ్ల లెక్కలుగానే చదివాను, వాటిలో మనుషుల తగాదాలు కూడా ఉండొచ్చని నాకు తట్టనే లేదు. ఆ చాప్టర్ మళ్లీ మొదటినుంచి రాశాను. సెమినార్లలో ఒక్కరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు.

తర్వాత ఒక పత్రికకు దశబంధం గురించి తెలుగులో చిన్న వ్యాసం రాశాను. చెరువు తవ్వినవాళ్లకు, బాగు చేయించినవాళ్లకు పదో వంతు లెక్కన ఇచ్చే మాన్యం అది, శాసనాల్లో దశవంధం అని కూడా కనిపిస్తుంది, బ్రిటిష్ కాలం ఇనాం రికార్డుల దాకా నడిచింది. అది చదివి ఒక టీచరమ్మ ఫోన్ చేశారు. వాళ్ల తాతగారి కాగితాల్లో "దశబంధం ఇనాం" అని ఉందట, ఇంట్లో అందరూ అదేదో పాత అప్పు తాకట్టు అనుకుని ఎవరికీ చూపించకుండా దాచారట. "అంటే మావాళ్లు చెరువు బాగు చేయించినోళ్లా సార్" అని అడిగి కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆమె ఫొటోలు తీసి పంపిన కాగితాల్లాంటివి నాకు ఏ ఆర్కైవ్స్‌లోనూ దొరకలేదు.

దీనికి టైం పడుతుంది, మీ గైడ్ చెప్పిన ఆ ఒక్క మాట నిజం. నా పేపర్ ఒకటి ఆలస్యమైంది, ఇంటర్వ్యూల్లో తెలుగు వ్యాసాలకు మార్కులేమీ రాలేదు. అయినా నా సలహా, థీసిస్ ఇచ్చాక చూద్దాంలే అనుకోకండి, ఇచ్చే ముందే చెప్పండి. దిద్దుకోవడానికి అప్పుడే వీలుంటుంది.

ఇంకొకటి, మా నాయన సంగతి. ఇన్నేళ్లుగా ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే, చదువు ఎప్పుడైపోతుందని. స్కూల్లో మాట్లాడిన రోజు రాత్రి అన్నం తింటూ "మన చెరువుకు అట్లాంటి రాయి ఏమీ లేదా" అన్నాడు. నేనెప్పుడూ చూడలేదన్నాను. పొద్దున్నే లేపి కట్ట కింద గంగమ్మ గుడి వెనక్కి తీసుకెళ్లాడు. బట్టలుతికే బండ ఒకటి ఉంది అక్కడ, చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. తిప్పి చూస్తే పైన సూర్యచంద్రుల గుర్తులు, కింద అరిగిపోయిన నాలుగైదు వరుసల అక్షరాలు. ఊరివాళ్లే దాన్ని కడిగి గుడి పక్కన నిలబెట్టారు. వచ్చే ఆదివారం కాగితం, సిరా తీసుకుని అచ్చు తీయడానికి పోతున్నాం, నాయన కూడా వస్తానన్నాడు.