పిల్లల పండగ బట్టలు, కార్డు బాకీ: ఏది తగ్గించుకోవాలి?

కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకురాలు తన ఇంటి లెక్కలన్నీ వివరంగా రాసి పంపారు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 1,10,000 రూపాయలు చేతికి వస్తాయి. గృహరుణం వాయిదా, పిల్లల బడి ఫీజులు, ఇంటి సరుకులు, అత్తమామలకు పంపే డబ్బు పోను దాదాపు 12,000 మిగలాలి గానీ మిగలడం లేదు. ఏడేళ్ల పాపకు, నాలుగేళ్ల బాబుకు బట్టలు కొనడం ఆమెకు ఎంతో ఇష్టం. పండగ వచ్చినా, కాలం మారినా, సెలవులకు ఊరు వెళ్తున్నా కొత్త బట్టలు కొనాల్సిందే. గత పన్నెండు నెలల యూపీఐ, కార్డు చెల్లింపులు కూడి చూసుకుంటే పిల్లల బట్టలకే 1,14,000 అయ్యాయట. క్రెడిట్ కార్డుపై 46,000 బాకీ ఉంది, నెలకు 2,500 కడుతున్నారు. బ్యాంకులో 80,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. పాప పేరున తెరిచిన సుకన్య సమృద్ధి (ఆడపిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన పొదుపు పథకం) ఖాతాలో సంక్రాంతి తర్వాత ఒక్క రూపాయి వేయలేదు. ‘మా వారు అసలు బట్టలే కొనవద్దంటున్నారు. దసరా వస్తోంది. పర్సనల్ లోన్ తీసుకుని కార్డు తీర్చేయమంటారా? నేను ఈ సరదా పూర్తిగా మానుకోవాలా?’ అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా, మీరు ఉత్తరంతో పాటు ఖర్చులను విడదీసి పంపారు కాబట్టి సమాధానం చెప్పడం తేలికైంది. 1,14,000లో ఉగాది, బోనాలు, వినాయక చవితి, బతుకమ్మ, దసరా, దీపావళి, సంక్రాంతి, ఇద్దరి పుట్టినరోజులు అన్నీ కలిపి 38,000. మిగిలిన 76,000 ఏ పండగకూ కొన్నది కాదు. మీ వారు కోప్పడుతున్నది పట్టు లంగాల మీద. డబ్బు పోతున్నది మరోచోట. ఆ 38,000 మీ ఇంటి ఆదాయానికి భరించలేని ఖర్చేమీ కాదు, దానిలో ఒక్క రూపాయి కూడా తగ్గించమని నేను చెప్పను. ఏడాదిలో ఏ నెలలో ఏ పండగ వస్తుందో క్యాలెండర్‌లో ముందే ఉంటుంది. అలా ముందే తెలిసిన ఖర్చును ప్రతిసారీ అప్పటికప్పుడు వచ్చిపడిన ఖర్చులా కార్డు మీదకు తోసేయడమే మీ ఇబ్బందికి మూలం.

ముందు కార్డు సంగతి చూద్దాం. మీరు పంపిన స్టేట్‌మెంట్ ప్రకారం వడ్డీ నెలకు 3.5 శాతం, అంటే ఏడాదికి 42 శాతం. 46,000 మీద నెలకు 1,610 వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ 290, మొత్తం 1,900. మీరు కట్టే 2,500లో అసలుకు జమ అవుతున్నది 600 మాత్రమే. బాకీ ఇలాగే కొనసాగితే ఏడాదికి 22,800 వడ్డీకే పోతుంది. పిల్లలిద్దరి పండగ బట్టలకు మీరు పెట్టినదానిలో సగానికి మించిన సొమ్ము అది. ఇంకో విషయం చాలామంది గమనించరు. పాత బాకీ పూర్తిగా తీర్చనంత కాలం కొత్తగా గీకిన మొత్తానికి వడ్డీలేని గడువు వర్తించదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. కాబట్టి షాపులో 10 శాతం తగ్గింపుతో కొన్న ఫ్రాక్ మూడు నెలలు కార్డు మీద ఉంటే ఆ తగ్గింపు వడ్డీకే సరిపోతుంది. ‘నో కాస్ట్ ఈఎంఐ’ అని షాపువాళ్లు చెప్పేదాన్నీ నమ్మకండి. సున్నా వడ్డీ అనేది లేనే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. ఆ వడ్డీని వస్తువు ధరలోనో, మీకు రావలసిన తగ్గింపులోనో, ప్రాసెసింగ్ ఫీజులోనో రాబట్టుకుంటారు.

పర్సనల్ లోన్ మీకు అవసరం లేదు. మీ డిపాజిట్‌కు 7 శాతం వస్తోందని రాశారు. 7 శాతం తెచ్చే సొమ్మును పక్కన పెట్టుకుని 42 శాతం బాకీ మోయడంలో అర్థం లేదు. డిపాజిట్ నుంచి 46,000 తీసి కార్డు ఒకేసారి తీర్చేయండి. కొంత మొత్తమే వెనక్కి తీసుకునే వీలు మీ బ్యాంకులో ఉంటే మంచిది; లేకపోతే డిపాజిట్‌ను రద్దు చేసి, మిగిలిన 34,000 మళ్లీ వేసుకోండి. గడువుకు ముందు తీసినందుకు బ్యాంకులు సాధారణంగా వడ్డీలో ఒక శాతం వరకు కోస్తాయి. ఆ లెక్కన 46,000 మీద ఏడాదికి 460, మొత్తం డిపాజిట్ రద్దు చేస్తే 800 నష్టం. కార్డుకు మీరు నెలకే 1,900 సమర్పిస్తున్నారు. అత్యవసరానికి 34,000 చాలదన్న మాట నిజమే గానీ, ఇద్దరికీ ఆఫీసు ఆరోగ్య బీమా ఉందని రాశారు కాబట్టి కొన్ని నెలల పాటు ఈ రిస్కు తీసుకోవచ్చు. కార్డు తీరిన రోజే షాపింగ్ యాప్‌లన్నింటిలోంచి దాని నంబరు తొలగించండి.

ఇప్పుడు ఆ 76,000 సంగతి. మీ జాబితాలో నాకు ఎక్కువగా కనిపించినవి ఆషాఢం సేల్ బిల్లులు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, బేరాలు పలచబడతాయి. పాత సరుకు ఖాళీ చేసి శ్రావణానికి కొత్త సరుకు దించడానికి షాపులు ఆ నెలలో తగ్గింపులు ఇస్తాయి. చీరలకు అది మంచి అదను, ఎందుకంటే చీరకు సైజు లేదు. పిల్లల బట్టల విషయంలో మాత్రం ఆ అదను తరచూ తలకిందులవుతుంది. దివాన్ కింద సూట్‌కేసులో లేబుల్ కూడా తీయని జతలు 23 ఉన్నాయని, వాటిలో తొమ్మిది పాపకు అప్పుడే బిగుతైపోయాయని మీరే రాశారు. ‘వచ్చే ఏడాదికి పనికొస్తుంది’ అని రెండు సైజులు పెద్దవి కొన్నప్పుడు, పిల్ల ఏ నెలకు ఏ సైజుకు వస్తుందో, అప్పటికి ఆ రంగు ఆమెకు నచ్చుతుందో లేదో మన చేతిలో ఉండదు. ఏడేళ్ల పాప మరో ఏడాదికి తన బట్టలు తానే ఎంచుకుంటానని పట్టుబడుతుంది. ఆ తర్వాత మీ అభిరుచికి ఇంట్లో ఎంత విలువ ఉంటుందో ఆడపిల్లల తల్లులను అడిగితే చెబుతారు.

ఆన్‌లైన్ లైవ్‌లలో కొన్నవి మరో 21,000. ‘ఒక్క పీసే ఉంది, వెంటనే బుక్ చేసుకోండి’ అనే ఆ అమ్మకం తీరే మనిషిని ఆలోచించనివ్వకుండా చేయడానికి. పార్శిల్ విప్పేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా వీడియో తీయకపోతే చాలామంది వాపసు తీసుకోరు, కొందరు ఎలా ఉన్నా తీసుకోరు. లైవ్ చూడటం మానమని నేను అనను. చూసిన రాత్రి డబ్బు పంపకుండా మర్నాటికి వాయిదా వేయండి, చాలు. బడిలో ‘ఎల్లో డే’, ‘కృష్ణాష్టమి వేషం’ వంటి వాటికి ఒక్క పూట కోసం కొన్నవాటికి 6,500 అయ్యాయి. ఈ వేషాలు అద్దెకు దొరుకుతాయి, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అడిగితే ఉట్టినే కూడా దొరుకుతాయి. స్వెట్టర్ల మాటకొస్తే, హైదరాబాద్‌లో చలి డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని వారాలే. మనిషికి ఒకటి, ఒక సైజు పెద్దది, రెండు చలికాలాలకు సరిపోతుంది. రెయిన్‌కోటుకూ ఇదే పద్ధతి.

మీరు బాగా బాధపడుతూ రాసిన పట్టు లంగా విషయానికి వస్తాను. పోయిన దసరాకు 4,800 పెట్టి కొన్న రెడీమేడ్ పట్టు లంగా మూడుసార్లు కట్టించేసరికి పొట్టిదైపోయిందన్నారు. అంటే కట్టిన ప్రతిసారీ 1,600 పడింది. అదే సమయంలో కోఠీలో 450కి కొన్న కాటన్ ఫ్రాక్‌ను పాప కనీసం నలభైసార్లు వేసుకుని ఉంటుంది, అది పూటకు 11 రూపాయలు. ఈ లెక్క చూసి పట్టు కొనడమే తప్పు అనుకోనవసరం లేదు, కొనే తీరు మారిస్తే చాలు. ఈ వయసులో పిల్లలు ఏడాదికి సుమారు 5 నుంచి 6 సెంటీమీటర్లు ఎదుగుతారు. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లోనో, పత్తర్‌గట్టీలోనో గుడ్డ కొని కుట్టిస్తే, లంగా అంచు పైన లోపలికి 12 సెంటీమీటర్ల మడత, జాకెట్‌కు రెండు పక్కలా రెండేసి వేళ్ల గుడ్డ వదలమని టైలర్‌కు చెప్పవచ్చు. మరుసటి ఏడాది కుట్టు విప్పితే లంగా మళ్లీ పాదాల దాకా దిగుతుంది. రెండేళ్లలో ఎనిమిదిసార్లు కట్టినా పూటకు 600 లోపే. ఆ తర్వాత అది మీ ఆడపడుచు కూతురికి వెళ్తుంది. రెడీమేడ్‌లో ఈ వెసులుబాటు దాదాపు ఉండదు, లోపల అర అంగుళం గుడ్డ కూడా వదలరు. అయితే దసరా ముందు టైలర్లు కొత్త ఆర్డర్లు తీసుకోరు కాబట్టి వినాయక చవితి లోపే ఇచ్చేయాలి.

రెడీమేడ్ కొనేటప్పుడు పన్ను మెట్టు కూడా గుర్తుంచుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఒక్కో దుస్తు ధర 2,500 వరకు ఉంటే 5 శాతం, అంతకు మించితే 18 శాతం జీఎస్టీ పడుతోంది. పన్నుకు ముందు 2,500 ఉన్న లెహంగాకు మీరు కట్టేది 2,625; 2,600 ఉన్నదానికి 3,068. వంద రూపాయల తేడాకు బిల్లులో 443 పెరుగుతుంది. ఆ మెట్టుకు దగ్గరలో ఉన్న ధర దగ్గర బేరమాడటం వృథా కాదు.

ఇక నెలవారీ ఏర్పాటు. బట్టలకే ఒక పొదుపు ఖాతా విడిగా పెట్టి, జీతం పడిన మర్నాడు దానిలోకి 4,000 వెళ్లేలా బ్యాంకుకు సూచన ఇవ్వండి. ఏడాదికి 48,000 అవుతుంది: పండగలకు, పుట్టినరోజులకు మీ పాత 38,000 యథాతథంగా, వాన, చలి, సెలవుల ప్రయాణాలు అన్నింటికీ కలిపి 10,000. పిల్లల బట్టలకు యూపీఐ చెల్లింపు ఆ ఖాతా నుంచే జరగాలి. అందులో డబ్బు ఉంటే ఎవరినీ అడగనవసరం లేదు, లేకపోతే వచ్చే నెల దాకా ఆగాలి. 12,000లో మిగిలిన 8,000 నుంచి 5,000 డిపాజిట్ పూడ్చడానికి, 2,000 సుకన్యకు, 1,000 చిల్లర అవసరాలకు. పది నెలల్లో డిపాజిట్ మళ్లీ 80,000 దాటుతుంది.

ఈ ఏడాది దసరాకు మాత్రం కొంచెం సర్దుకోవాలి. ఇప్పుడు శ్రావణం. ఈలోగా రెండు జీతాల నుంచి ఖాతాలో చేరేది 8,000. బతుకమ్మ తొమ్మిది రోజులూ పాపకు రోజుకో కొత్త జత వేయాలన్న మీ కోరికకు సూట్‌కేసులో ఇంకా సరిపోయే 14 జతలూ ఉన్నాయి. పేరుకు అవీ కొత్తవే, లేబుల్ కూడా తీయలేదు. ఆ 8,000తో సద్దుల బతుకమ్మకు పాపకు ఒక పట్టు లంగా, దసరాకు బాబుకు కుర్తా పైజామా వస్తాయి. దీపావళికి ఆ నెల 4,000 ఉంటుంది.

మీ వారితో మాట్లాడేటప్పుడు ఈ లెక్కల కాగితం ఆయన ముందు పెట్టండి. పార్శిళ్లు ఆఫీసుకు తెప్పించుకుని, బ్యాగులో దాచి ఇంటికి తెస్తున్నానని రాశారు. ఖర్చు కన్నా ఆ దాపరికమే ఆయనను ఎక్కువ నొప్పిస్తుందని నా అనుమానం. అలాగే ఆయన కూడా ఏడాదిలో తన సొంత సరదాలకు ఎంత పెట్టారో అదే కాగితం మీద రాస్తే న్యాయంగా ఉంటుంది. ఇంట్లో ఒకరి ముచ్చటకు మాత్రమే దుబారా అని పేరు పెట్టడం నేను చాలా ఇళ్లలో చూస్తున్నాను.

సుకన్య ఖాతాలో ఈ ఆర్థిక సంవత్సరానికి కనీసం 250 అయినా మార్చి 31లోపు పడకపోతే అది డిఫాల్ట్ ఖాతా అవుతుంది, పునరుద్ధరించడానికి ఏడాదికి 50 చొప్పున జరిమానా కట్టాలి. 2024 జనవరిలో 8.2 శాతానికి పెంచిన వడ్డీ మీద, పన్ను కూడా లేకుండా పెరిగే సొమ్ము అది. వడ్డీని ప్రతి నెలా 5వ తేదీ ముగిసిన నాటి నుంచి నెలాఖరు వరకు ఉన్న కనిష్ఠ నిల్వ మీద లెక్కిస్తారు కనుక, ఆ 2,000 జీతం పడగానే, 5వ తేదీ దాటకుండా జమ చేయండి.