మడి ఒకటే అయినా నీళ్లు, ఎండ, కత్తిరింపు వేర్వేరు

ప్ర: పదడుగుల మడిలో మందారం, మెట్టతామర, కనకాంబరం, చామంతి కలిపి వేశాం. రోజూ నీళ్లు పెడుతున్నాం, పదిహేను రోజులకోసారి యూరియా చల్లుతున్నాం. ఆకు దట్టంగా ఉంది, పూలు మాత్రం లేవు. చామంతి మొదళ్లు కుళ్లిపోతున్నాయి. ఏం చేయాలి?

జ: ముందు యూరియా ఆపేయండి. అందులో 46 శాతం నత్రజనే. అది ఎక్కువైతే మొక్క ఆకులూ లేత కొమ్మలూ పెంచుకుంటూ పోతుంది, మొగ్గ తొడగదు. పైగా ఆ లేత చిగుళ్లకే పేనుబంక, పిండినల్లి లాంటి రసం పీల్చే పురుగులు ఎగబడతాయి. మూడు నెలలకోసారి బాగా చివికిన పశువుల ఎరువు మందారానికి రెండు కిలోలు, చిన్న మొక్కలకు రెండేసి గుప్పెళ్లు వేసి పైమట్టిలో కలిపితే చాలు.

చామంతి కుళ్లడానికి నీళ్లే కారణం. మెట్టతామరకు తడి ఇష్టం, చామంతి వేళ్లకు నిలవ తడి పడదు. రెండింటికీ ఒకే లెక్కన నీళ్లు పెట్టకూడదు. మడి చివర ఒక భాగాన్ని అడుగు లోతున గుల్ల చేసి, రెండు పాళ్లు మట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు కంపోస్టు కలిపి ఆరంగుళాలు ఎత్తు చేయండి. కుళ్లిన మొదలును పారేసి, గట్టిగా ఉన్న పిలకలను వేళ్లతో సహా విడదీసి అక్కడ అడుగు దూరంలో నాటండి. మట్టిలో రెండంగుళాల లోతున వేలికి పొడి తగిలితేనే నీళ్లు పెట్టాలి.

కనకాంబరాన్ని మందారానికి తూర్పున ఉంచితే పొద్దుటి ఎండ తగులుతుంది, మధ్యాహ్నం నీడ దొరుకుతుంది. ఎండిన పూల వెన్నులు తుంచేస్తుండాలి. మందారం కొత్త చిగురు మీదే పూస్తుంది కాబట్టి ఏడాదికోసారి కొమ్మలను మూడో వంతు కత్తిరించండి. మెట్టతామర కాడ మీది గుత్తులన్నీ అయిపోయాక అది మళ్లీ పూయదు, మొదలంటా కోసేయండి. మూడేళ్లకోసారి దుంపలు తవ్వి, ముక్కకు రెండు కళ్లు (మొలకెత్తే మొగ్గలు) ఉండేలా విడదీయకపోతే ఇరుక్కుపోయి పూత తగ్గుతుంది.

ప్ర: వరండా దగ్గరి చామంతి ఏపుగా పెరిగినా మొగ్గ వేయడం లేదు. అదే రకం పెరట్లో పూస్తోంది.

జ: వరండా దీపం చూసుకోండి. చామంతి మొగ్గ తొడగాలంటే పొడవైన, ఎడతెగని చీకటి రాత్రులు కావాలి. అర్ధరాత్రి కాసేపు వెలుగు పడినా పూత వెనకబడుతుంది. కుండీ అయితే జరపండి, నేలలో ఉంటే దీపానికి అడ్డు పెట్టండి. తలలు తుంచడం మొక్క జానెడున్నప్పుడే చేయాలి. మొగ్గలు కట్టే సమయంలో తుంచితే ఆ పూలే పోతాయి.

ప్ర: నూరువరహాల లేత ఆకులు పసుపుగా మారాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి.

జ: ఇనుము అందడం లేదు. సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము ఉన్నా వేళ్లు తీసుకోలేవు. సిమెంటు గోడ పక్కన నాటిన మొక్కల్లో ఇది మరీ ఎక్కువ. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, ఆ పూటే సాయంత్రం ఆకులు తడిసేలా పిచికారీ చేయండి. వారం తర్వాత మరోసారి. పాత ఆకుల రంగు పూర్తిగా తిరిగిరాకపోవచ్చు, కొత్త చిగురును బట్టే ఫలితం తెలుస్తుంది.