దుకాణంలో అర (షెల్ఫ్) మీద ఒక ధర, బిల్లులో మరో ధర ఉంటే తేడా డబ్బు తిరిగి వస్తుందా?

సాధారణంగా వస్తుంది, కానీ అడగాలి. మామూలు బార్‌కోడ్‌లో ధర ఉండదు, వస్తువు సంఖ్య మాత్రమే ఉంటుంది. ధర దుకాణం కంప్యూటర్ నుంచి వస్తుంది. అక్కడ ధర మారినా అర మీది కాగితపు చీటీని ఎవరో చేత్తో మార్చాలి. అందుకే రాయితీ ముగిసినా పాత చీటీ అలాగే వేలాడుతుంటుంది. మోసం కన్నా బద్ధకమే ఎక్కువని నా అభిప్రాయం.

ముందు చీటీలోని రకం, బరువు మీ వస్తువువేనా చూడండి. పక్క వస్తువు చీటీ చూసి వాదించి నాలుక కరుచుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. చీటీని ఫొటో తీసుకోండి. డబ్బు కట్టకముందే చెబితే బిల్లులోనే సరిచేయడం తేలిక. కట్టేశాక గమనిస్తే బిల్లు, వస్తువు, ఫొటోతో వెంటనే కౌంటరుకు వెళ్లండి. కార్డుతో చెల్లించి ఉంటే డబ్బు చేరడానికి కొన్ని రోజులు పట్టవచ్చు.