పది మంది కలిస్తే ఏ ఆట ఆడాలి? మా ఇంట్లో కుదిరినవి, కుదరనివి

మీరు అడిగింది ఇదీ: కాలేజీ ఫ్రెండ్స్ సగం, ఆఫీసు ఫ్రెండ్స్ సగం, మొత్తం పది మంది దాకా ఇంటికి వస్తున్నారు, కొందరు జంటలుగా వస్తున్నారు, తినేసి ఎవరి ఫోన్ వాళ్ళు చూసుకుంటూ కూర్చోకుండా ఒకరి గురించి ఒకరికి కాస్త తెలిసేలా ఊహించే ఆటలు ఏమున్నాయి అని. మాది నిజాంపేటలో డబుల్ బెడ్రూం ఫ్లాట్, సోఫా పక్కకి జరిపి దుప్పట్లు పరిస్తే పది పన్నెండు మంది సర్దుకుంటారు. కొన్నేళ్ళుగా పండక్కీ పబ్బానికీ మా ఇంట్లో ఇదే తంతు కాబట్టి ధైర్యంగా చెప్తున్నా.

ముందు ఏవి వద్దో చెప్పేస్తా. డంబ్ షరాడ్స్ భలే సరదాగా ఉంటుంది, నాకూ ఇష్టమే, కానీ ఆట అయ్యేసరికి ఎవరికి ఎన్ని సినిమాలు గుర్తున్నాయో తెలుస్తుంది తప్ప మనిషి గురించి ఏమీ తెలియదు. అంత్యాక్షరి కూడా అంతే. మాఫియా గురించి చాలామంది చెప్తారు, గుంపులో రహస్యంగా ఉన్న హంతకులు ‘రాత్రి’ పూట ఒక్కొక్కరినీ ‘చంపి’ ఆటలోంచి తప్పిస్తుంటే, వాళ్ళెవరో మిగతావాళ్ళు కనిపెట్టాలి. 1986లో మాస్కోలో దిమిత్రి దవిదోవ్ అనే సైకాలజీ విద్యార్థి మొదలుపెట్టిన ఆట అది, మొహంలో ఏమీ కనిపించకుండా ఎవరు అబద్ధం ఆడగలరో అందులో బాగా బయటపడుతుంది. చిక్కేమిటంటే మొహమాటంగా కూర్చున్న కొత్తవాళ్ళని మొదటి రాత్రే చంపేస్తారు, ఇక వాళ్ళు మిగతా అరగంటా గోడకి ఆనుకుని ఫోన్ చూసుకోవాల్సిందే. ట్రూత్ ఆర్ డేర్ జోలికి అసలు పోవద్దు. ఎక్కడ మొదలుపెట్టినా పాత ప్రేమకథల దగ్గరికో జీతాల దగ్గరికో వచ్చి ఆగుతుంది, పక్కన భార్యో భర్తో ఉంటే ఆ రాత్రి ఇంటికెళ్ళాక రెండో ఎపిసోడ్ ఉంటుంది.

నేను ఆటని ఒకే ఒక్క విషయం బట్టి ఎంచుకుంటా. జవాబు తప్పు చెప్పినప్పుడు “అదేంటి, నువ్వలా కాదా?” అని అందరూ ఆ మనిషి వైపు తిరగాలి. పాయింట్లు ఎవడికి కావాలి, అలా తిరిగాక వచ్చే రెండు నిమిషాల కబుర్లే అసలు సరుకు. అందుకే ఆట నడిపేవాళ్ళు “సరే సరే, నెక్స్ట్” అని తోసెయ్యకూడదు, “అలా ఎందుకనుకున్నావ్?” అని ఊహించినవాళ్ళనీ, “మరి నువ్వేమంటావ్?” అని అసలు మనిషినీ అడిగి కాసేపు ఊరుకోవాలి.

మా దగ్గర అన్నిటికంటే బాగా కుదిరింది చీటీల ఆట. తలా రెండు చీటీల మీద తమ గురించి ఒక్కో నిజం రాస్తారు, అన్నీ గిన్నెలో కలిపి, ఒకరు ఒక్కోటి తీసి చదువుతారు, ఇది ఎవరిదో మిగతావాళ్ళు వేలు పెట్టి చూపించాలి. ఒకటి రెండు మూడు అనగానే అందరూ ఒకేసారి చూపించాలి, లేకపోతే గొంతున్నవాడి వెనకే అందరూ పోతారు. చదివేవాళ్ళు చీటీ ఎవరికీ చూపించకూడదు, కాలేజీవాళ్ళు చేతిరాత చూసి ఇట్టే పట్టేస్తారు. మొదట్లో దీనికో ఇబ్బంది ఉండేది: కొందరు “నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను” అని రాసేవాళ్ళు, అది గదిలో తొమ్మిది మందికి సరిపోతుంది, ఇంకొందరు దేవుడికి తప్ప ఎవరికీ తెలియనిది రాసేవాళ్ళు. దీనికి మందు డిక్సిట్ అనే బొమ్మల కార్డుల ఆటలో దొరికింది (2010లో జర్మనీలో ఆ ఏటి ఉత్తమ ఆటగా అవార్డు వచ్చింది దీనికి). అందులో క్లూ ఇచ్చినవాడి కార్డుని అందరూ కనిపెట్టినా సున్నా, ఎవరూ కనిపెట్టకపోయినా సున్నా, కొందరికి తెలిసి కొందరికి తెలియకపోతేనే వాడికి పాయింట్లు. ఈ రూల్ చీటీలకి పెట్టగానే రాసేవాళ్ళ బుర్ర పనిచేయడం మొదలైంది. ఒకసారి వచ్చిన చీటీ: “ఇంటికి తాళం వేసి లిఫ్ట్ దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి తాళం లాగి చూస్తాను, రోజూ.” మా గుంపులో ప్రతిదానికీ టెన్షన్ పడే ఒకావిడ ఉంది, వేళ్ళన్నీ ఆవిడ వైపే. తీరా చూస్తే అది బండిలో పెట్రోల్ ఉందో లేదో కూడా చూడకుండా బయల్దేరే మహానుభావుడిది. హాస్టల్లో ఒకసారి వాడి రూములో దొంగతనం జరిగిందట, అదే రూములో మూడేళ్ళు కలిసి ఉన్నవాడు కూడా దానికీ ఈ తాళానికీ లింకు పెట్టుకోలేదు.

రెండు నిజాలు, ఒక అబద్ధం అందరికీ తెలిసిందే కాబట్టి ఎలా ఆడాలో చెప్పను. ఒక్క సలహా: అబద్ధాన్ని అందంగా అల్లమనకండి, నిజాలు వెతుక్కోమనండి. నమ్మలేని నిజం ఉన్నప్పుడే ఆట పండుతుంది. మా ఫ్రెండ్ ఒకడిది కోనసీమలో లంక ఊరు, చుట్టూ గోదావరే. వాడు చెప్పిన మూడు మాటలు: “పదో తరగతిలో లెక్కల్లో నూటికి నూరు. పెళ్ళిచూపుల్లో కాఫీ నా మీదే ఒంపుకున్నా. నాకు ఈత రాదు.” గోదావరి మధ్యలో పుట్టినవాడికి ఈత రాకపోవడమేమిటని అందరం మూడోదే అబద్ధం అన్నాం. లెక్కల మార్కులు అబద్ధమట. 1986 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చింది కదా, భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, ఆ వరదని కళ్ళారా చూసిన వాళ్ళ నాయనమ్మ ఆ తర్వాత ఇంట్లో పిల్లల్ని ఎవర్నీ మోకాలు లోతు దాటి ఏట్లో దిగనివ్వలేదట. వీడు పుట్టింది వరద తర్వాతే, అయినా ఆవిడ కట్టడి ఆవిడదే. అన్నదమ్ములెవరికీ ఈత రాదు. అక్కణ్ణించి ఆవిడ గురించి మొదలై, మా పశ్చిమగోదావరి ఫ్రెండ్ వాళ్ళ తాతగారి పడవ దాకా పోయింది, బిర్యానీ చల్లారిపోయింది.

పెద్దగా మాట్లాడనివాళ్ళు ఎక్కువగా ఉంటే అంకెల ఆట పెట్టండి. 2019లో వేవ్‌లెంగ్త్ అని బోర్డ్ గేమ్ ఒకటి వచ్చింది, ఈ చివర వేడి ఆ చివర చల్లన లాంటి రెండు కొసల మధ్య ముల్లు తిప్పి, ఎదుటివాడి మనసులో అది ఎక్కడుందో పట్టుకోవాలి. దాన్ని కొనక్కర్లేదు, పెన్నూ కాగితం చాలు. ఒకరు కూర్చుంటారు, మనం ప్రశ్న వేస్తాం, వాళ్ళు ఒకటి నుంచి పది లోపు అంకె రహస్యంగా రాసుకుంటారు, మనం ఆ అంకె ఊహించాలి. ఉప్మా అంటే ఎంత ఇష్టం, తెలియని నంబర్ నుంచి ఫోనొస్తే ఎత్తడానికి ఎంత ఇబ్బంది, ఇలాంటివి. తోచినట్టు ఒక అంకె చెప్పేస్తే చాలు కాబట్టి మొహమాటస్తులు కూడా ఆడేస్తారు. ఒకసారి మా నెల్లూరు ఫ్రెండ్‌కి “ఇచ్చిన అప్పు తిరిగి అడగడం ఎంత కష్టం?” అని ప్రశ్న పడింది. కూరగాయల దగ్గర్నుంచి కారు దాకా దేనికైనా బేరమాడే మనిషి, మేమంతా రెండూ మూడూ అన్నాం. కాగితం తిప్పితే పది. అడగలేక వదిలేసుకున్న బాకీలు చాలానే ఉన్నాయట. గదిలో ఒకడు మాత్రం మాట్లాడకుండా ఫోన్ తీశాడు, నిమిషంలో నెల్లూరు ఫోన్‌కి ఫోన్‌పే మెసేజ్ వచ్చింది. ఎంతో మేము అడగలేదు.

నాకు బాగా ఇష్టమైనది ఇంకోటుంది, కానీ అది పాత స్నేహితులకే. ఒకరిని బయటికి పంపి, గదిలో ఉన్నవాళ్ళలో ఒకరిని మనసులో అనుకుంటాం. బయటివాడు లోపలికొచ్చి “ఈ మనిషి టిఫిన్ అయితే ఏ టిఫిన్? ఆర్టీసీ బస్సు అయితే ఏ బస్సు?” అని ఒక్కొక్కరినీ అడిగి అది ఎవరో కనిపెట్టాలి. ఒకావిడని ముగ్గురు వేర్వేరుగా పల్లెవెలుగు అన్నారు. ఆవిడ మొహం కొంచెం ముడుచుకుంది, గరుడ అంటారనుకుందేమో. “చెయ్యెత్తితే ఎక్కడైనా ఆగుతావు కదా” అన్నారు ఒకరు. నిజమే, ఎవరింట్లో ఆసుపత్రి పని ఉన్నా ముందు ఫోన్ వెళ్ళేది ఆవిడకే. ఈ ఆటలో ఒంటి రంగు, లావు, కులం, ఇలాంటివాటి మీదికి పోలిక పోకుండా చూసుకోవడం నడిపేవాళ్ళ బాధ్యత, మొదటే గట్టిగా చెప్పేయండి. కొత్తవాళ్ళున్న చోట దీన్ని అసలు పెట్టకండి, వాళ్ళకి పోల్చడానికి ఏమీ ఉండదు.

జంటలు ఎలాగూ వస్తున్నారు కదా, భర్త జవాబుని భార్య, భార్య జవాబుని భర్త ఊహించే ఆట అడుగుతారు. 1966 నుంచీ అమెరికా టీవీలో ‘న్యూలీవెడ్ గేమ్’ అని వచ్చేది, మన ఛానళ్ళలోనూ ఆ తరహావి బోలెడు వచ్చాయి. ఆడండి, కానీ ప్రశ్నలు చిన్నవే వెయ్యండి. అత్తగారు, డబ్బు, ఎవరికి కోపం ఎక్కువ, ఈ మూడూ నిషేధం. “మీ ఆవిడ టీలో ఎన్ని చెంచాల పంచదార?” అన్న ప్రశ్నకే మా దగ్గర ఒకాయన నిబ్బరంగా “రెండు” అన్నాడు, ఆవిడ పంచదార మానేసి చాలా కాలమైందట, రోజూ పొద్దున టీ కలిసే తాగుతారు పాపం. 1997లో విలియం స్వాన్, మైకేల్ గిల్ అనే సైకాలజిస్టులు ప్రేమ జంటల మీద చేసిన పరిశోధనలోనూ ఇదే తేలింది: కలిసి ఉన్న కాలం పెరిగేకొద్దీ ‘నాకు తను బాగా తెలుసు’ అన్న నమ్మకం పెరిగింది కానీ, జవాబులు సరిగ్గా చెప్పడం మాత్రం దాంతోపాటు పెరగలేదు. జంటలకే కాదు, పాత దోస్తులకీ ఇది వర్తిస్తుందని నా అనుమానం, తాళం చీటీ సంగతి చూశారుగా.

ఇవేవీ కాకుండా నవ్వులు గ్యారంటీగా కావాలంటే చిన్నప్పటి ఫోటోలు. చిన్నప్పుడు కళ్ళు మూసి, తాకి వెళ్ళిందెవరో చెప్పమని “వీరి వీరి గుమ్మడిపండు వీరి పేరేమి” ఆడేవాళ్ళం కదా, దాదాపు అదే, కాకపోతే ఇక్కడ కళ్ళు తెరిచి ఉన్నా పట్టుకోలేం. ఒక్కొక్కరూ ఐదేళ్ళలోపు ఫోటో ఒకటి పార్టీ ఇచ్చేవాళ్ళకి మాత్రమే వాట్సాప్ చేస్తారు, టీవీలో పెట్టి ఎవరో చెప్పమనాలి. సగం ఫోటోల్లో తిరుపతి గుండే ఉంటుంది, గుండులో అందరూ ఒక్కలాగే ఉంటారు, అక్కడే మజా. మా దగ్గర ఒక ఫోటోలో స్టూడియో పరదా ముందు పూలజడ, వెనక అద్దంలో ఆ జడ, బుగ్గన దిష్టిచుక్క, చేతిలో ప్లాస్టిక్ ఫోన్. ఆడవాళ్ళందరి పేర్లూ అయిపోయాయి. చివరికి మా కరీంనగర్ ఫ్రెండ్, ఆరడుగుల మనిషి, గడ్డం సర్దుకుంటూ చెయ్యెత్తాడు. పుట్టువెంట్రుకలు తీయించే ముందు వాళ్ళమ్మ ముచ్చట తీర్చుకుందట. ఆ రోజు మొదటిసారి వచ్చిన మా కొలీగ్ భార్య, అప్పటిదాకా పలకరిస్తే తప్ప పలకనావిడ, “మా తమ్ముడికీ ఇలాగే వేశారండీ” అని ఫోన్లో వెతికి మరీ చూపించింది.

మీ గుంపు సగం సగం తెలిసినవాళ్ళు కాబట్టి ఫోటోలతో మొదలుపెట్టి, అంకెల ఆట ఒక రౌండ్ తిప్పి, చీటీల్లోకి వెళ్ళండి. కాలేజీవాళ్ళందరినీ ఒక టీములో అస్సలు వెయ్యొద్దు, విడగొట్టండి. చెప్పడం ఇష్టం లేకపోతే “పాస్” అనొచ్చని ముందే చెప్పండి, ఎందుకని ఎవరూ అడగకూడదు. మొత్తం గంటన్నర మించనివ్వకండి, అది కూడా భోజనాలకి ముందే, బిర్యానీ తిన్నాక ఎవరూ గోడ వదలరు. ఫోటోలు మాత్రం రెండు రోజుల ముందే అడగండి, అప్పటికప్పుడు అడిగితే ఊళ్ళో అమ్మలకి ఫోన్ చేసి, బీరువా మీది ఆల్బమ్ దింపించి, ఫోటోకి ఫోటో తీయించి పంపించుకునేసరికి మీ పార్టీ కాస్తా అయిపోతుంది.