చిన్న సినిమాను నాలుగు రోజులకే ఎందుకు ఎత్తేస్తారు: తూర్పు గోదావరి హాళ్లలో నేను చూసిన లెక్క

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: అమలాపురం పక్క ఊళ్లో శుక్రవారం విడుదలైన ఒక చిన్న సినిమాను చూసినవాళ్లందరూ బాగుందన్నారు, మీరు ఇంటిల్లిపాదితో మంగళవారం మొదటి ఆటకు వెళ్లేసరికి గోడ మీద వేరే పోస్టరు ఉంది, జనం రాక ఎత్తేశారా, పెద్ద సినిమావాళ్లు చెప్పి ఎత్తించారా అని అడిగారు. నేను పదిహేనేళ్లు ఒక బయ్యరు (ఒక ప్రాంతానికి సినిమా విడుదల హక్కులు తీసుకునేవాడు) దగ్గర, హాళ్లలో లెక్క చూసే రెప్రజెంటేటివ్‌గా, ఆ తరువాత పదకొండేళ్లు రాజోలు వైపు ఒక హాలుకు మేనేజరుగా పని చేశాను. మీరు చెప్పిన రెండు కారణాలకూ కొంత చోటు ఉన్నప్పటికీ, ఆ సినిమా ఎన్ని రోజులు ఆడుతుందన్నది చాలావరకు అది విడుదల కాకముందే, బయ్యరుకూ హాలుకూ మధ్య కుదిరిన ఒప్పందంలో తేలిపోయి ఉంటుంది. హాలు యజమాని దగ్గర అమ్మకానికి ఉన్న సరుకు ఏడాదికి 52 వారాలు. ఏ వారాన్ని ఏ సినిమాకు, ఏ పద్ధతిలో ఇవ్వాలన్నదే ఆయన వ్యాపారం.

తెలుగు సినిమాను నిర్మాత ఏరియాల వారీగా అమ్ముతాడు. నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, తూర్పు, పడమర, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అన్నవి ఆ ఏరియాలు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి కోనసీమ, కాకినాడ, ఏలూరు అని కొత్త పేర్లు వచ్చినా, వ్యాపారంలో మాత్రం ఇప్పటికీ పాత ఉభయ గోదావరి జిల్లాల లెక్కే నడుస్తోంది. అంటే గోదావరే సరిహద్దు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్లి సినిమా చూసి వచ్చే మా వైపు కుర్రవాళ్ల టిక్కెట్టు డబ్బు పడమర బయ్యరు ఖాతాలోకి పోతుంది. పెద్ద సినిమాల సమయంలో మా బయ్యరు అడిగే మొదటి ప్రశ్న, "నరసాపురంలో ఎన్ని హాళ్లలో వేస్తున్నారు, మన సఖినేటిపల్లి, మలికిపురం వాళ్లు రేవు దాటకుండా ఏం చేద్దాం" అనే. ఈ నదిని ఎన్నిసార్లు తిట్టుకున్నామో చెప్పలేను.

బయ్యరు ఆ ఏరియా హక్కులు తీసుకోవడంలో కూడా పద్ధతులు ఉన్నాయి. ఔట్‌రైట్ అంటే మొత్తం డబ్బు కట్టి కొనేయడం, లాభమైనా నష్టమైనా బయ్యరుదే. ఎన్.ఆర్.ఏ. అంటే తిరిగి రాని అడ్వాన్సు. పెట్టిన డబ్బు, ఖర్చులు, కమీషను వచ్చేశాక పైన మిగిలిన ఓవర్‌ఫ్లోను నిర్మాతతో పంచుకోవాలి. మామూలు అడ్వాన్సు అయితే సినిమా పోయినప్పుడు మిగతా సొమ్ము నిర్మాత తిరిగి ఇవ్వాలి, కనీసం ఇస్తానని అనాలి. కమీషను పద్ధతిలో బయ్యరు తన డబ్బేమీ పెట్టడు, విడుదల చేసి పెట్టినందుకు తన వాటా తీసుకుంటాడు. పేరున్న హీరో లేని చిన్న సినిమాలు ఎక్కువగా ఈ చివరి రెండు దారుల్లోనే మా జిల్లాకు వస్తాయి. సొంత డబ్బు ఇరుక్కోని బయ్యరు ఆ సినిమా కోసం హాలు యజమానితో పోట్లాడడు. మీ సినిమా విషయంలో మొదటి తూటు ఇక్కడే పడి ఉంటుందని నా అనుమానం.

ఇక హాలుతో ఒప్పందం. దీనిలో డబ్బు రెండు దిక్కులుగా నడుస్తుంది కాబట్టి బయటివాళ్లు తికమక పడతారు. అద్దె పద్ధతిలో బయ్యరు హాలుకు వారానికి ఇంత అని కడతాడు, వసూలంతా ఆయనది. హైరు పద్ధతిలో హాలువాళ్లే బయ్యరుకు ఒక మొత్తం కట్టి సినిమాను తెచ్చుకుంటారు, వచ్చినదంతా హాలుది. మూడోది పర్సంటేజీ, పన్ను పోగా మిగిలినదాన్ని ఇద్దరూ పంచుకోవడం.

ఒక ఊహాలెక్క వేసి చూపిస్తాను. 2025 సెప్టెంబరు 22 నుంచి 100 రూపాయల వరకు ఉన్న టిక్కెట్టుకు జీఎస్టీ 5 శాతం, ఆపైన 18 శాతం. మన ఊరి హాల్లో టిక్కెట్లన్నీ వంద లోపే అనుకుందాం. ఒక పెద్ద సినిమాకు వారంలో 4,20,000 గ్రాస్ వస్తే, 20,000 పన్ను పోయి 4,00,000 నెట్ అవుతుంది. హాలు అద్దె వారానికి 1,40,000, అంటే రోజుకు 20,000 అయితే, బయ్యరుకు మిగిలే షేరు 2,60,000. పోస్టరు మీద అచ్చయ్యే అంకె మొదటిది, బయ్యరు బ్యాంకులో పడేది చివరిది. "ఇన్ని కోట్లు వచ్చాయి" అన్న వార్త చదివేటప్పుడు ఆ రెండింటి మధ్య దూరాన్ని గుర్తుంచుకుంటే చాలు.

ఇప్పుడు అదే హాల్లో, అదే అద్దెకు మీ చిన్న సినిమాను వేయండి. శుక్ర, శని, ఆదివారాలు కలిపి నెట్ 75,000 వచ్చింది. మూడు రోజుల అద్దె 60,000 పోతే షేరు 15,000. ఫరవాలేదనిపిస్తుంది. సోమవారం నాలుగు ఆటలకూ కలిపి 6,000 వచ్చింది. ఆ రోజు అద్దె 20,000. మూడు రోజుల పాటు కూడబెట్టిన 15,000లో 14,000 ఒక్క సోమవారమే తినేసింది. మంగళవారం కూడా ఆడిస్తే బయ్యరు చేతి డబ్బు కట్టాలి. దీన్నే మావాళ్లు మైనస్ షేరు అంటారు. అందుకని సోమవారం మాట్నీ లెక్క చూసుకుని సాయంత్రానికి బయ్యరు ఫోన్ చేసి "రేపు ఎత్తేయండి" అంటాడు. పర్సంటేజీ మీద వేస్తే బయ్యరుకు నష్టం లేదు కానీ, ఆ 6,000లో సగం హాలుకు వస్తే, కరెంటుకూ ఆపరేటరుకూ గేటు మనిషికీ బుకింగు గుమాస్తాకూ ఏం సరిపోతుంది? అప్పుడు ఫోన్ చేసేది హాలు మేనేజరు. నేను రెండు వైపులా కూర్చున్నాను కాబట్టి రెండు రకాల ఫోన్లూ చేశాను.

2025 మే నెలలో తూర్పు గోదావరి ఎగ్జిబిటర్లు, అంటే హాళ్లు నడిపేవాళ్లు, అద్దె వద్దు, పర్సంటేజీ కావాలని లేవదీసిన మాట జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామన్న ప్రకటన దాకా వెళ్లి ఆగింది. ఆ గొడవ మూలం ఇదే లెక్క: పెద్ద సినిమాకు అద్దె మాత్రమే ఇచ్చి, జనం తగ్గాక పర్సంటేజీ మీద ఆడించమంటే, బాగా వచ్చిన వారంలో హాలుకు వాటా లేదు, రాని వారంలో నష్టం మాత్రం ఉంది. మేనేజరుగా నాకు వాళ్ల వాదనే సబబుగా తోస్తుంది; అయితే అందరికీ పర్సంటేజీ అయితే చిన్న సినిమాలు బాగుపడతాయని అనడం మాత్రం నేను నమ్మను.

ఎందుకంటే పర్సంటేజీకి లెక్క నిజాయితీగా ఉండాలి. నా రెప్రజెంటేటివ్ ఉద్యోగమంతా ఆ లెక్కే. ప్రతి ఆటకూ ముందు నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ టిక్కెట్టు పుస్తకాల మొదటి నంబరు రాసుకోవాలి, బుకింగు మూశాక చివరి నంబరు రాసుకోవాలి, రెండింటి తేడాను రోజువారీ వసూళ్ల పట్టిక అయిన డీసీఆర్‌లో ఎక్కించి మేనేజరు సంతకం తీసుకోవాలి. అది కాగితం పని. అసలు పని ఇంటర్వెల్‌కు పది నిమిషాల ముందు హాల్లోకి వెళ్లి, టార్చి వేయకుండా, తెర వెలుగులోనే వరుసలవారీగా తలలు లెక్కపెట్టడం. ఒకసారి డెల్టా లోపలి ఒక హాల్లో బాల్కనీ నంబర్ల ప్రకారం 112 మంది ఉండాలి. నా లెక్కకు 140 వచ్చారు. మళ్లీ లెక్కపెట్టాను, మళ్లీ 140. గేటు దగ్గర నిలబడి చూస్తే, గేటు మనిషి కొన్ని టిక్కెట్లను సగం చింపకుండా జేబులో వేసుకుని వెనక దారిన బుకింగుకు పంపిస్తున్నాడు. అవే మళ్లీ అమ్ముడవుతున్నాయి. నేను మేనేజరును అడిగితే ఆయన ముందు టీ తెప్పించాడు, తరువాత ఏమీ మాట్లాడకుండా 28 టిక్కెట్లు డీసీఆర్‌లో కలిపాడు. నేనూ మా బయ్యరుకు రాతపూర్వకంగా ఏమీ రాయలేదు; వచ్చే వారం కూడా అదే హాలు కావాలి మరి. ఇటువంటి చోట్లకు రెప్‌ను పంపి, బస్సు ఛార్జీ, బత్తా ఇచ్చి కాపలా కాయించడం కంటే హైరుకు ఇచ్చేసి చేతులు దులుపుకోవడం మేలని సి సెంటర్ల, అంటే చిన్న ఊళ్ల హాళ్ల విషయంలో బయ్యర్లు అనుకోవడానికి కారణం ఇదే. చిన్న సినిమాకు రెప్ బత్తా కూడా బరువే.

రీళ్ల కాలంలో సినిమా ఎత్తేయడం కొంచెం కష్టంగా ఉండేది, అది ఒక రకంగా మేలు చేసేది. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు నడుస్తుంది. రెండున్నర గంటల సినిమా అంటే పద్నాలుగు రీళ్ల దాకా ఉన్న ఇనుప పెట్టె. దాన్ని బస్సు టాపు మీదనో లారీలోనో తేవాలి, తరువాతి సినిమా పెట్టె వచ్చేదాకా దీన్ని పంపడానికి వీల్లేదు. వర్షాకాలంలో పంటు ఆగిపోయి, కొత్త పెట్టె రాక, పాత సినిమాయే ఇంకో రెండు రోజులు ఆడి, ఆ రెండు రోజుల్లోనే జనం పుంజుకున్న సందర్భాలు నేను చూశాను. ఇప్పుడు డిజిటల్ పద్ధతిలో సినిమాను హాళ్లకు అందించే క్యూబ్, యూఎఫ్‌ఓ వచ్చాక సినిమా సర్వరులో ఉంటుంది, ఫలానా తేదీలకు మాత్రమే తెరుచుకునే కీ వస్తుంది. పోస్టరు అంటించడానికి పట్టే సమయంలో సినిమా మారిపోతుంది. పైగా ఈ డిజిటల్ ఛార్జీని తెరకు ఇంత అని బయ్యరు లేదా నిర్మాత కట్టాలి, ఆ ఆటకు ఎనిమిది మంది వచ్చినా సరే. 2018 మార్చిలో దక్షిణాది నిర్మాతలు కొత్త సినిమాల విడుదల ఆపేసింది ఈ ఛార్జీల మీదనే.

నేను కూడా ఒకసారి అత్యాశకు పోయి దెబ్బ తిన్నాను. ముగ్గురు మిత్రులం కలిసి ఒక చిన్న సినిమా తూర్పు హక్కులను ఆరు లక్షల అడ్వాన్సుకు తీసుకున్నాము. సినిమా బాగుంది, ఈ రోజుకీ ఆ మాట మీద నిలబడతాను. హాళ్లు సులువుగా, తక్కువ అద్దెకు దొరికాయి. అంత సులువుగా ఎందుకు దొరికాయో ఆలోచించవలసింది. విడుదల నవంబరు ఆఖరి వారంలో. సార్వా, అంటే వానాకాలపు వరి, కోతల కాలం. ఊళ్లో మగవాళ్లూ ఆడవాళ్లూ చేలల్లో ఉంటారు, చేతిలో డబ్బు ఇంకా ఉండదు. దానికి తోడు శనివారం అల్పపీడనంతో వాన పట్టింది. కోసిన పనలు నీళ్లలో నానుతుంటే, గింజ మొలకెత్తుతుందేమోనని రైతు గట్టు మీద కూర్చుంటాడు. మొదటి ఆటకు ఎవరు వస్తారు? ముమ్మిడివరం వైపు ఒక హాల్లో ఆదివారం రెండో ఆటకు ఏడుగురు వచ్చారు, వాళ్లలో ఇద్దరు వాన తగ్గేదాకా తల దాచుకోవడానికి వచ్చినవాళ్లు. అయినా ఆట వేశాము. అడ్వాన్సులో సగం కూడా మాకు తిరిగి రాలేదు. అప్పటి నుంచి నేను విడుదల తేదీని పంచాంగంతో కాకుండా పంట క్యాలెండరుతో సరిచూడడం మొదలుపెట్టాను: సంక్రాంతికి సార్వా డబ్బు వస్తుంది, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసి వచ్చినవాళ్లు రాత్రి ఆటకు వస్తారు, దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక, పిల్లలకు సెలవులిచ్చాక మే నెల బాగుంటుంది, ఆగస్టులో గోదావరి పొంగితే లంకల వాళ్లు ఊరు దాటి రాలేరు. మంచి వారాలన్నీ పెద్ద సినిమాలు ఏడాది ముందే కర్చీఫు వేసుకుంటాయి. చిన్న సినిమాకు మిగిలేది కోతల వారం, పరీక్షల వారం, లేదా రెండు పెద్ద సినిమాల మధ్య సందు.

ఆ సందు విషయంలో మీ రెండో అనుమానానికి కొంత ఆధారం ఉంది. పెద్ద సినిమా గురువారం వస్తోందంటే హాలుకు ముందే మాట అయిపోయి ఉంటుంది, కొన్ని చోట్ల హాలే పెద్ద సినిమావాళ్ల లీజులో ఉంటుంది. చిన్న సినిమా అప్పటిదాకా ఖాళీని నింపడానికి వచ్చినదే. మంగళ, బుధవారాలకు ఏదో పాత సినిమాను హైరుకు తెచ్చి వేసుకుంటే హాలు ఖాళీగా ఉండడం కంటే నయమని మేనేజరు అనుకుని ఉండవచ్చు. దీనిలో కుట్ర వెతకనవసరం లేదు, మీ సినిమా తరఫున అడిగేవాడు మాత్రం ఎవరూ లేరు.

చూసినవాళ్లు బాగుందన్న మాట ఊళ్లోకి పాకడానికి మా వైపు నాలుగైదు రోజులు పడుతుంది. హాలు లెక్క మూడు రోజులకే ముగుస్తుంది. కాబట్టి మీకు నచ్చుతుందనుకున్న చిన్న సినిమాకు ఆదివారం హౌస్‌ఫుల్ అయ్యేవేళ కాకుండా, వీలైతే సోమవారం మాట్నీకి వెళ్లండి. ఆ ఆటకు అరవై మంది ఉంటే మేనేజరు ఫోన్ చేసేటప్పుడు ఇంకోసారి ఆలోచిస్తాడు. జారిపోయిన సినిమాను మళ్లీ వేయించడం కూడా అసాధ్యమేమీ కాదు. మేనేజరుగా ఉన్నప్పుడు ఒక ఫిబ్రవరిలో, మా ఊరి కాలేజీ లెక్చరరు గారు పాతిక మంది పేర్లు రాసిన కాగితం తెచ్చి ఇస్తే, నేను బయ్యరుతో మాట్లాడి, అద్దె లేకుండా పర్సంటేజీ మీద, రోజుకు మొదటి ఆట ఒక్కటే ఆ సినిమాకిచ్చి, మిగతా ఆటలు వేరే సినిమాకు వదిలాను. అది తొమ్మిది రోజులు ఆడింది. మీ హాలు మేనేజరును ఉదయం పదకొండు లోపు, మార్నింగ్ షో హడావిడి మొదలు కాకముందే కలవండి; మధ్యాహ్నం తరువాత అయితే ఆయన మీ మాట వినడు, బుకింగు కిటికీ వైపే చూస్తుంటాడు.