బాలింతకు పథ్యం ఎంతవరకు? రెండు కాన్పులు అయిన నా అనుభవం

పొదిలి దగ్గర పుట్టింట్లో ఉన్నానని, మొదటి కాన్పు అయి 17 రోజులైందని, డాక్టరుగారు అన్నీ తినమన్నా అమ్మగారు మాత్రం పాత బియ్యపు అన్నం, వెల్లుల్లి కారం, మిరియాల చారు తప్ప మరేమీ పెట్టడం లేదని, మంచినీళ్ళు కూడా గ్లాసుతో కొలిచి ఇస్తున్నారని మీరు రాశారు. ఎవరి మాట వినాలి, ఒళ్ళు ఎప్పటికి కుదుటపడుతుంది, ఏ కారణమూ లేకుండా ఏడుపు రావడం మామూలేనా అని అడిగారు. నేను డాక్టరును కాను. రెండు కాన్పులు అయినదాన్ని. మొదటిది కందుకూరు దగ్గర మా పుట్టింటి నుంచి వెళ్ళి అయిన మామూలు కాన్పు, నాలుగేళ్ళ తర్వాత రెండవది నెల్లూరులో ఆపరేషను. ఆ రెండు పురుళ్ళ మధ్య నేను చూసిన తేడా మీకు ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

మనం పథ్యం అనే ఒక్క మాటలో రెండు వేర్వేరు పనులను కలిపేశాము. బాలింత చేత చీపురు కూడా పట్టనీయకుండా, వేళకు వేడివేడిగా వండిపెట్టి, రాత్రి బిడ్డ ఏడిస్తే మరొకరు లేచి ఎత్తుకోవడం ఒక పని. ఆమె తిండినీ నీళ్ళనూ గాలినీ తగ్గించడం మరొక పని. ఒంటిని కోలుకోనిచ్చేది మొదటిది. రెండవది ఆ కోలుకోవడానికి అడ్డు తగులుతుంది. మీ అమ్మగారు ఈ రెండూ ఒకే ప్రేమతో చేస్తున్నారు కాబట్టి, ఒకదానిని వద్దంటే రెండవదానిని కూడా కాదన్నట్టు ఆమెకు అనిపిస్తుంది. ఇంట్లో మాట్లాడేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

నా మొదటి కాన్పు మే నెల చివర, రోహిణి కార్తెలో అయింది. కందుకూరు ఎండలు మీకు తెలియనివి కావు. కిటికీలు మూసిన గదిలో, తలకు గుడ్డ కట్టి, చెవుల్లో దూది పెట్టి, ఫ్యాను వేస్తే వాతం చేస్తుందని ఆపి, రోజుకు మూడు గ్లాసుల కాచిన నీళ్ళతో నన్ను ఉంచారు. నాలుగో గ్లాసు అడిగితే మా అవ్వ, "ఏందమ్మాయ్, అన్ని నీళ్ళు తాగతా ఉండావు, పొట్ట జారతాది" అని మందలించేది. పదో రోజుకు మూత్రం పసుపు ముద్దలా వచ్చి మంట మొదలైంది. మలబద్ధకం వల్ల కుట్లు లాగి, మరుగుదొడ్డికి వెళ్ళాలంటే భయం వేసేది. పాలు చాలక బిడ్డ గంటకొకసారి లేచి ఏడ్చేవాడు. తల్లి పాలలో 100కు 87 వంతుల దాకా నీరే ఉంటుంది, రోజుకు సుమారు 750 మిల్లీలీటర్ల పాలు ఇచ్చే తల్లికి ఆ నీరు ఎక్కడి నుంచో రావాలి కదా అని అప్పుడు మా ఇంట్లో ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. పద్నాలుగో రోజున బిడ్డను తూచడానికి వచ్చిన ఆశా కార్యకర్త నా పెదవులు చూసి, మా అమ్మను పక్కకు పిలిచి, "పాలిచ్చే ఆవుకైతే తొట్టి నిండా కుడితి పెడతావు గదా అక్కా, కూతురికి నీళ్ళెందుకు కొలుస్తావు?" అని అడిగింది. డాక్టరు చీటీ చేయలేని పని ఆ ఒక్క ప్రశ్న చేసింది. ఆ సాయంత్రమే మంచం పక్కకు మరచెంబు వచ్చింది. మజ్జిగ మాత్రం ఇంకో వారం పట్టింది.

పొట్ట జారుతుందన్న భయం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నీళ్ళు ఆపడానికీ నడికట్టు బిగించడానికీ మూలం అదే. కాన్పు అయిన వెంటనే గర్భసంచి దాదాపు కిలో బరువుతో బొడ్డు దాకా ఉంటుంది. అది తనంతట తానే ముడుచుకుంటూ, రెండు వారాలకు పొత్తికడుపు ఎముకల లోపలికి దిగి, ఆరు వారాలకు ఇంచుమించు మునుపటి పరిమాణానికి వస్తుంది. బిడ్డ పాలు తాగేటప్పుడు తల్లి ఒంట్లో ఊరే ఆక్సిటోసిన్ దానిని ముడిచే పని చేస్తుంది. మొదటి రోజుల్లో పాలిస్తుండగా పొత్తికడుపులో నొప్పి మెలిపెట్టినట్టు రావడానికి కారణం ఇదే. రెండో కాన్పులో అది ఇంకా గట్టిగా వస్తుంది. తాగిన నీళ్ళు గర్భసంచిలోకి పోవు, కట్టిన గుడ్డ దానిని కుదించదు. మెత్తటి చీరతో వదులుగా కట్టుకుంటే నడుముకు ఆసరాగా ఉంటుంది, ఆపరేషను అయినవారికి దగ్గేటప్పుడు కుట్ల మీద భారం తగ్గుతుంది. ఊపిరి ఆడనంత బిగించి కడితే మాత్రం ఆ ఒత్తిడి కిందికి, కాన్పులో సాగిన కండరాల మీదికి పోతుంది. ఆ కండరాలకు కావలసింది మూత్రాన్ని ఆపుకుంటున్నట్టు లోపలికి బిగించి వదిలే చిన్న వ్యాయామం. మామూలు కాన్పు అయినవారు నొప్పి లేకపోతే మొదటి రోజుల నుంచే, పడుకొనే దీనిని చేసుకోవచ్చు.

ఇక తిండి. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు సుమారు 600 కేలరీలు అదనంగా కావాలని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. అంటే మరొక పూట భోజనమంత. వెల్లుల్లి కారంతో నాలుగు ముద్దలు తిని లేచిన బాలింత, తన ఎముకల్లోని సున్నాన్నీ ఒంట్లోని మాంసాన్నీ కరిగించి బిడ్డకు పాలిస్తుంది. పప్పు తింటే బిడ్డకు కడుపు నొప్పి, పెరుగు తింటే జలుబు, పండు తింటే విరేచనాలు అన్న భయాలతో మా ఇంట్లో ఆపినవన్నీ, రెండవసారి డాక్టరమ్మ మాట మీద నేను మొదటి వారం నుంచే తిన్నాను. కందిపప్పు, మునగాకు, గుడ్డు, సజ్జ రొట్టె, పెరుగు, జామపండు, ఏదీ మా అమ్మాయికి చెడు చేయలేదు. మనవైపు బాలింతకు పెట్టే తెలకపిండి మునగాకు కూర చాలా మంచిది, నువ్వుల బలమూ ఆకు బలమూ రెండూ అందులో ఉంటాయి. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, వాము, బెల్లం, నెయ్యి కలిపి చేసే కాయం ఉసిరికాయంత ఉదయాన తింటే ఆకలి పుట్టిస్తుంది కానీ దానినే ఆహారం అనుకోకూడదు. ఎండాకాలంలో ఎక్కువైతే కడుపులో మంట పెడుతుంది.

సముద్రం దగ్గరి ఊళ్ళలో బాలింతకు తప్పకుండా పెట్టే, సొరచేపతో చేసే సొరపుట్టు గురించి కూడా చెప్పాలి. కావలిలో మా అత్తగారు నాకు దానిని వెల్లుల్లి వేసి ఎంతో ఇష్టంగా చేసి పెట్టారు. రుచికీ బలానికీ లోటు లేదు. అయితే ఇతర చేపలను తిని బతికే సొర ఒంట్లో పాదరసం ఎక్కువగా పేరుకుంటుందనీ, పాలిచ్చే తల్లులు దానిని మానడమే మంచిదనీ ఆ తర్వాత తెలిసింది. అదే బలం నెత్తళ్ళ వంటి చిన్న చేపలలో ఆ భయం లేకుండా దొరుకుతుంది. పాలు పెరగడానికి అన్నింటికంటే పెద్ద మందు బిడ్డ అడిగినప్పుడల్లా, రాత్రుళ్ళు కూడా, రొమ్ము పట్టించడమే. ఎంత తాగితే అంత ఊరుతుంది. బిడ్డకు ఆరు నెలల వరకు తల్లి పాలు తప్ప తేనె, వస, ఉగ్గు, నీళ్ళు ఏవీ అవసరం లేదు. ఐరన్ మాత్రలు కాన్పు తర్వాత 180 రోజులు వేసుకోవాలి, కాల్షియం మాత్రలు కూడా ఆరు నెలలు వాడాలి. ఆ రెండూ ఒకేసారి మింగకండి.

బాలింత స్నానం మన పద్ధతులలో నాకు ఎంతో ఇష్టమైనది. నూనె పట్టించి, ఒంటికి ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళు నడుము మీద పోస్తుంటే, రాత్రంతా కూర్చొని పాలిచ్చిన నొప్పి దిగిపోయేది. ఆపరేషను అయినవారు మాత్రం కుట్టు మీద నూనె రాయకూడదు, నీళ్ళు పై నుంచి కొట్టకూడదు. స్నానం తర్వాత మెత్తటి గుడ్డతో అద్ది ఆరనివ్వాలి. సాంబ్రాణి పొగను నేను రెండవసారి పూర్తిగా మానేశాను. మూసిన గదిలో ఆ పొగ పసిబిడ్డ ఊపిరితిత్తులకు హాని.

విశ్రాంతి అంటే నలభై రోజులు మంచం దిగకపోవడం కాదు. కదలకుండా పడుకుంటే కాళ్ళ నరాలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం బాలింతలకు మామూలువారికంటే ఎక్కువ. ఆపరేషను అయిన మరుసటి రోజే నర్సు నన్ను లేపి నడిపించింది. విశ్రాంతి అంటే వంట, నీళ్ళ బిందెలు, బట్టలు ఉతకడం, వచ్చినవారికి మర్యాదలు లేకపోవడం, బిడ్డ నిద్రపోయినప్పుడు తానూ నిద్రపోవడం. ఇది అందరికీ దొరికేది కాదని రాసేటప్పుడు నాకు బాధగా ఉంది. మా అమ్మ నన్ను కన్న నెలలోపే పొగాకు గ్రేడింగ్ పనికి వెళ్ళింది. ఆమె ఎందుకు అంత పట్టుదలగా నన్ను మంచం దిగనివ్వలేదో నాకు రెండవ కాన్పు నాటికి గాని అర్థం కాలేదు. తనకు దక్కనిది నాకు దక్కాలని ఆమె తాపత్రయం. 2017 నాటి సవరణతో చట్టం మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇస్తుంది కానీ, కూలికి పోయే తల్లికి అది అందదు. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద మొదటి బిడ్డకు వచ్చే 5,000 రూపాయలకు మీరు నమోదు చేసుకొని ఉండకపోతే అంగన్‌వాడీలో అడగండి.

ఏడుపు గురించి. కాన్పు అయిన మూడు నాలుగు రోజులకు హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడం, నిద్ర లేకపోవడం వల్ల చాలామందికి ఊరికే దుఃఖం వస్తుంది, రెండు వారాలలో అది దానంతట అదే తగ్గిపోతుంది. నాకు మొదటిసారి అది తగ్గలేదు. బిడ్డను చూస్తే ప్రేమ కలగడం లేదని, నేను చెడ్డ తల్లినని అనిపించేది. మా ఇంట్లో దిష్టి తీశారు, తాయెత్తు కట్టించారు, ఒక్కరు కూడా ఏమైందని అడగలేదు. చివరకు ఆసుపత్రిలో చూపించుకొని, కొంతకాలం మందులు వాడి తేరుకున్నాను, పాలిస్తూనే వాడాను. మీకు 17 రోజులు దాటాయి కాబట్టి, ఏడుపు రోజూ వస్తున్నా, బిడ్డ నిద్రపోయినా మీకు నిద్ర పట్టకపోతున్నా, ఇది మామూలే అని సరిపెట్టుకోకండి. డాక్టరుకు చెప్పండి. ఇల్లు కదలలేకపోతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. మీకు గాని బిడ్డకు గాని హాని చేయాలన్న ఆలోచన వస్తే ఒక్క పూట కూడా ఆగకండి, ఒంటరిగా ఉండకండి.

ఆగకూడని సందర్భాలు మరికొన్ని ఉన్నాయి. మొదటి కాన్పులో మూడో వారం నాకు ఒక రొమ్ము ఎర్రగా గట్టిపడి చలిజ్వరం వస్తే, అది పాలజ్వరం, దానంతట అదే పోతుందని రెండు రోజులు కాపడం పెట్టి కూర్చున్నాము. తీరా వెళితే అది ఇన్‌ఫెక్షను. మందులు ఇచ్చి, ఆ రొమ్ము నుంచి పాలివ్వడం ఆపవద్దని చెప్పారు. బాలింతకు 100.4 డిగ్రీల జ్వరం వస్తే దానికి మనం పేరు పెట్టకూడదు, ఆసుపత్రికి వెళ్ళాలి. మైల, అంటే కాన్పు తర్వాత అయ్యే స్రావం, మొదటి నాలుగు రోజులు ఎర్రగా, తర్వాత గోధుమ రంగులోకి, చివరకు తెల్లగా మారుతూ ఆరు వారాల దాకా ఉండవచ్చు. కానీ గంటలో ప్యాడు పూర్తిగా తడిసినా, పెద్ద గడ్డలు పడినా, దుర్వాసన వచ్చినా అది మామూలు కాదు. తగ్గని తలనొప్పి, కళ్ళు మసకబారడం, ఒక కాలు వాచి పిక్క నొప్పి పెట్టడం, ఆయాసం, ఇవి కాన్పు అయిన ఆరు వారాల వరకు కూడా ప్రాణం మీదికి తేగలవు. అప్పుడు 108కి ఫోను చేయండి.

మీ బారసాల 21వ రోజున పెట్టుకున్నారని, బంధువులు వస్తారని రాశారు. పీట మీద ఎక్కువసేపు కూర్చోకుండా కుర్చీ వేయించుకోండి, బిడ్డను చేతులు కడుక్కున్నవారికే ఇవ్వండి. ఆశా కార్యకర్త ఇంటికి రావలసిన రోజులు 3, 7, 14, 21, 28, 42. అంటే ఆమె రావలసింది కూడా ఆ రోజునే. సందడిలో ఆమెను గుమ్మం నుంచే పంపించివేయకండి. లోపలికి పిలిచి, ఆకు వేసి భోజనం పెట్టి, మీ అమ్మగారిని ఆమె పక్కన కూర్చోబెట్టి, నీళ్ళ సంగతి ఆమె చేతనే చెప్పించండి.